కరెంటు లేని నవల

2023 ఎండాకాలం. గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలిసిస్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. డయాలిసిస్ అంటే పాడైన కిడ్నీల పని యంత్రం చేయడం. రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, తిరిగి ఒంట్లోకి పంపుతుంది. వారానికి రెండు మూడుసార్లు వచ్చి, మనిషి గంటల తరబడి కదలకుండా పడి ఉండాలి.

రఘురామ్ గారు ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టరు. షుగర్ ముందు చూపును, తర్వాత కిడ్నీలను తినేసింది. ఒంట్లో బాగున్న రోజుల్లో తానే రాసి, తానే అచ్చువేసుకున్న నవల నా చేతిలో పెట్టి, "ఎవరూ చదవలేదండీ. వీలైతే కాస్త వినిపిస్తారా?" అన్నారు.

మొహమాటానికి మొదలుపెట్టాను. అందులో లోకమంతా కరెంటు శాశ్వతంగా పోతుంది. ఫ్లైఓవర్ మీద మేకలు మేస్తాయి. లిఫ్టులు బాగుచేసే ఒకమ్మాయి గాజు భవనాల మీద వాననీళ్లు పట్టి ఊరిని బతికిస్తుంది. ఎంత బాగుందో! బీపీలు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా చదివేదాన్ని. పక్క మంచం ఎల్లమ్మ ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ మనిషి. "మా ఆఫీసు మీదికి గూడ మేకలు ఎక్కినయా సారూ?" అని పకపకా నవ్వేది.

ఒకరోజు ఆ వాక్యం వచ్చింది: 'మొదటి వారంలోనే జబ్బుమనుషులు పోయారు.' ఒక్క ముక్కలో తేల్చేశారు.

"గదంటే మేమే గద సారూ?" అంది ఎల్లమ్మ.

రఘురామ్ గారి మొహం వాడిపోయింది. "అప్పుడు నాకేం తెలుసమ్మా. మారుస్తాను. నా పుస్తకమేగా, నన్నెవరు ఆపుతారు?"

"నన్ను బతికియ్యి సారూ. జర సోంచాయించి రాయి."

ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ఇద్దరికీ అదే ధ్యాస. కరెంటు లేకుండా ఎలా బతికించాలి?

ఒక మధ్యాహ్నం నిజంగానే కరెంటు పోయింది. జనరేటర్ అందుకోలేదు. అలాంటప్పుడు గొట్టాల్లో రక్తం గడ్డకట్టకముందే, యంత్రం పంపుకి ఉన్న పిడిని చేత్తో తిప్పి ఒంట్లోకి పంపేయాలి. ముందు ఎల్లమ్మకు తిప్పి, రఘురామ్ గారి దగ్గరికి వచ్చాను.

"దొరికింది సారూ! నీకు కనబడ్తలేదు గనీ, సిస్టరమ్మ చేత్తోని తిప్పుతున్నది! గిట్ల రాయి!" అని ఎల్లమ్మ అరిచింది.

ఆయన ఎంత సంబరపడ్డారో. "ఎంతసేపు తిప్పగలరు సిస్టర్ గారూ?"

అబద్ధమాడటానికి నోరు రాలేదు. "ఇది ఉన్న రక్తాన్ని వెనక్కి ఇవ్వడానికేనండీ. శుభ్రం చేయదు."

"అలాగా," అన్నారు. మళ్లీ నవల మాట ఎత్తలేదు. వానలు మొదలవక ముందే, ఇంట్లోనే గుండె ఆగి పోయారు. వాక్యం అలాగే ఉండిపోయింది.

రోగికి నిజం చెప్పాలని మాకు శిక్షణలో నేర్పారు. చెప్పాక ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండని రోజు కూడా ఉంటుందని ఆయన దగ్గరే తెలిసింది. ఆ బరువు ఇప్పటికీ దిగలేదు.

పుస్తకం మళ్లీ మొదటినుంచి చదవమంది ఎల్లమ్మ. ఆ వాక్యం ఉన్న పేజీ రాగానే తిప్పేయబోయాను.

"చదువు సిస్టరమ్మా," అంది. "సారు గూడ అండ్లనే ఉన్నడు గద."