అక్క దవడ పన్ను, బావ పద్దుల పుస్తకం

మా బావంటే నాకు అసహ్యం. ఈ మాట అక్క చెవిన పడితే వారం రోజులు నా మొహం చూడదు. అయినా ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తప్పుపట్టొద్దు. బావ తాగడు, తిరగడు, ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు. వీధిలో ఎవర్నడిగినా బంగారంలాంటి మనిషి అంటారు. ఆ బంగారంలాంటి మనిషే మా అక్క దవడ పన్నును పదకొండు నెలలపాటు ‘వచ్చే నెల, వచ్చే నెల’ అని జరుపుతూ వచ్చాడు.

బావది నీటి సరఫరా ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం. ఇంటింటికీ వెళ్ళి, గోడవారన గుంటలో ఉన్న మూత ఎత్తి, మీటరు మీది అంకెలు రాసుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆ రోగాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు మహానుభావుడు. పొద్దున లేవగానే కరెంటు మీటరు చూస్తాడు, పడుకోబోతూ మళ్ళీ చూస్తాడు. కొత్త సబ్బు విప్పితే దారం పెట్టి రెండు ముక్కలు కోసి, ఒక ముక్క బీరువాలో దాస్తాడు. పేస్టు గొట్టం అయిపోతే పారేస్తామా మనం? ఆయన దాన్ని కత్తెరతో నిలువునా చీల్చి, లోపలంతా బ్రష్షుతో నాలుగు రోజులు గీకుతాడు. చూస్తుంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది.

ఇంత అవస్థ ఎందుకంటే అప్పు. మేమేం అప్పు చేసి పప్పుకూడు తిన్నవాళ్ళం కాదు. ఇంటి కప్పు కారుతుంటే వేయించడానికి రెండు లక్షల ఇరవై వేలు అయ్యాయి. ఇంకో ఎనభై వేలు నా కొట్టు అడ్వాన్సుకి. నాది మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. మొత్తం మూడు లక్షలూ బావ తన పేరు మీద ఆఫీసు సహకార సంఘంలో తీసుకున్నాడు. నా వంతు కింద నెలకు రెండు వేలు నేను అక్క చేతికివ్వాలని మాట. ఇచ్చేవాణ్ణి. అంటే, ఇవ్వగలిగిన నెల ఇచ్చేవాణ్ణి. సరే, ఆ సంగతికి తర్వాత వస్తాను.

అప్పు లక్షన్నరకు దిగాక బావకి ఓ పంతం పట్టుకుంది. సంఘంవాళ్ళు ఇంకా రెండున్నరేళ్ళు గడువిచ్చారు. ఈయన మాత్రం ఏడాదిలో తీర్చేసి తీరతానన్నాడు. “వడ్డీ పదిహేను వేలు మిగులుతుందోయ్!” అని నాతో చెప్పినప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి.

అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం వంటింటి బల్ల దగ్గర పంచాయితీ మొదలైంది. మా మేనకోడలు దాన్ని ‘కోర్టు’ అనేది. పదో తరగతి పిల్ల, నోరు కాస్త ఎక్కువ, అచ్చం నా పోలికే. బల్లకి ఓవైపు బావ, ఎదురుగా అక్క, పక్కన పిల్ల, బాకీదారు హోదాలో నేను. బావ ముందు అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఉండేది. అందులో మూడు గళ్ళు: ఆదాయం, ఖర్చు, కోత. ఎవరి ఖర్చు వాళ్ళు పైకి చదవాలి. ఒక్కొక్క పద్దు దగ్గర బావ కలం ఆపి అదే ప్రశ్న వేసేవాడు.

“ఇది లేకపోతే ప్రాణం పోతుందా?”

పేపరు లేకపోతే ప్రాణం పోతుందా? పోదు. కొట్టేశాడు. పిల్లకి సాయంత్రం పాలు? పోదు. హాల్లో ఫ్యాను? కిటికీ ఉందిగా. నిజం చెప్పాలి, ముందు తన ఖర్చులే కోసుకున్నాడు. బస్సు పాసు మానేసి రానూపోనూ ఏడు కిలోమీటర్లు నడిచాడు. ఆఫీసులో టీ మానేశాడు. క్షవరానికి కూడా డబ్బెందుకని అక్కచేత కత్తెర పట్టించాడు. ఆ జుట్టు చూసి పిల్ల, “నాన్నా, రాత్రి ఎలుకలేమైనా వచ్చాయా?” అంది. ఆయన కూడా నవ్వాడు. ఆయన్ని పూర్తిగా తిట్టుకోవడానికి వీల్లేకుండా చేసేది ఇదే. తను తిని మనల్ని మాడ్చేవాడైతే నాలుగు దులిపి ఊరుకునేవాణ్ణి.

రెండో కోర్టులో అక్క తన పద్దులన్నీ చదివి, కాస్త ఆగి, “ఇంకోటుంది” అంది. “ఎడమవైపు దవడ పన్ను సలుపుతోంది. నిన్న డాక్టరమ్మకి చూపించాను. పన్ను బతికే ఉందట. రూట్ కెనాల్ చేసి పైన తొడుగేస్తే నేనున్నన్నాళ్ళూ ఉంటుందట. ఆరు వేలవుతుందంది.”

మా అక్క నోట్లో నాలుక లేని మనిషి. తనకోసం ఏదైనా అడగడం నేను చూడటం అదే మొదలు. ఇంట్లో కూర్చుని రెడీమేడ్ చొక్కాలకి గుండీలు కుడుతుంది. రోజుకు అరవై చొక్కాలు. ఆ డబ్బు కూడా నేరుగా బావ పుస్తకంలో ఆదాయం గడిలోకే వెళ్ళేది.

బావ కలం ఆపాడు. నాకు తెలుసు ఏమడగబోతున్నాడో. అయినా అడగడనుకున్నాను.

“లేకపోతే ప్రాణం పోతుందా?”

“అబ్బే, పోదులెండి,” అంది అక్క.

“అయితే వచ్చే నెల చూద్దాం.” పేజీ అడుగున పెన్సిలుతో రాసుకున్నాడు: పన్ను, వచ్చే నెల.

తర్వాతి నెల ఆ పెన్సిలు గీత అలాగే ఇంకో పేజీలోకి ఎక్కింది. ఆ పై నెల ఇంకో పేజీలోకి. అక్క కుడివైపు నమలడం నేర్చుకుంది. దారం పళ్ళతో తెంపే మనిషి, కత్తెర పక్కన పెట్టుకోవడం మొదలెట్టింది. బుగ్గలో లవంగం లేకుండా ఆమెను చూసిన రోజు లేదు. నేను రోజూ మోటార్లు విప్పేవాణ్ణి. బేరింగు గీమన్నప్పుడే మార్చుకోవాలి, పోనీలే అని నడిపిస్తే కాయిలు మాడి మొత్తం మోటారే పోతుంది. ఈ మాట బావకి రెండుసార్లు చెప్పాను. “గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకండి బావా!” అని కూడా అన్నాను. ఆయన శ్రద్ధగా విని, “వచ్చే నెల తప్పకుండా” అన్నాడు.

ఆరో నెలలో అక్క బుగ్గ వాచి ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. సరిగ్గా అప్పుడే ఓ హాస్టలువాళ్ళవి పన్నెండు ఫ్యాన్లు నా చేతికొచ్చాయి. రాత్రింబవళ్ళు కూర్చుని వాటి కాయిలు చుట్టాను. వచ్చిన డబ్బులోంచి ఆరు వేలు కవర్లో పెట్టి, బావ లేని సమయం చూసి అక్క చేతిలో పెట్టాను.

“ఇది నీ పంటికి. రేపే వెళ్ళు. పుస్తకంలోకి ఎక్కించావంటే నా మీద ఒట్టే!”

“నీకెందుకురా ఈ ఖర్చు?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను మహా పెద్దమనిషిలా కాలరెగరేసుకుంటూ వచ్చేశాను.

తర్వాతి ఆదివారం కోర్టులో బావ ఆదాయం గడి చదివాడు. జీతం, ఇంత. గుండీలు, ఇంత. తర్వాత, “బావమరిది బాకీ కింద జమ, ఆరు వేలు.”

అరికాలి మంట నెత్తికెక్కింది. “ఏంటి బావా ఇది? అది అక్క పంటికిచ్చిన డబ్బు!”

బావ కోప్పడలేదు. పుస్తకం నావైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. “నాలుగు నెలలు నువ్వేమీ కట్టలేదు. ఎనిమిది వేలు. బాకీ ఉన్నవాడు కానుకెలా ఇస్తాడోయ్? ఇచ్చిందేదైనా ముందు బాకీ కిందికే వెళ్తుంది. ఏ ఆఫీసులోనైనా ఇదే పద్ధతి.”

నేను అక్కవైపు చూశాను.

“నేనే ఇచ్చానురా,” అంది తలొంచుకుని. “ఈ నెల లెక్క తప్పుతుందని ఆయన రెండు రోజులు సరిగా తిండి తినలేదు. నాకేంలే, మాత్రలేసుకున్నాను, వాపు తగ్గింది.”

“నీ పన్ను?”

“ఇటువైపు నమలొచ్చుగా.”

ఛీ, ఇదీ ఓ ఇల్లేనా అనిపించింది. ఆ పుస్తకం, పెన్సిలు గీతలు, బల్ల మీద వరసగా పేర్చిన కరెంటు బిల్లులు, అన్నీ ఎత్తి బయట పారేయాలనిపించింది. నాలుగు మాటలని కడిగేద్దామనుకున్నాను. కానీ ఏమనను? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పరిస్థితి. ఆ నాలుగు నెలలూ నేను సరిగా కట్టి ఉంటే, ఆ ఆరు వేలూ పంటికే వెళ్ళేవి. లేచి వచ్చేశాను. ఇక ఆ గడప తొక్కనన్నాను.

తొక్కలేదు కూడా. కోపం పేరు చెప్పి, ఆ నెలతో పాటు తర్వాతి నెలల రెండేసి వేలు కూడా ఎగ్గొట్టాను. వాటితో ఏం చేశావని అడక్కండి. సరే, చెబుతాను. కొత్త ఫోను కొన్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది ఆఖర్లో ఓ సాయంత్రం మేనకోడలు కొట్టుకొచ్చింది. “మామయ్యా, అప్పు తీరిపోయింది! నాన్న సంఘం నుంచి కాగితం తెచ్చాడు. రేపు అమ్మని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడు. నిన్ను కూడా రమ్మంది అమ్మ.”

“నా వంతు ఎవరు కట్టారే?”

“ఇంకెవరు? నాన్నే. ఆదివారాలు కూడా డ్యూటీ వేయించుకున్నాడు,” అని, నా చేతిలో ఫోను చూసింది. “బాగుంది మామయ్యా. ఎంత పడింది?”

నేను విననట్టు స్క్రూడ్రైవరు వెతుక్కున్నాను.

మర్నాడు వెళ్ళాను. ఆస్పత్రి గదిలో మందుల వాసన. తెల్ల బల్బు కింద కుర్చీలో అక్క వెనక్కి వాలి నోరు తెరిచింది. డాక్టరమ్మ చిన్న అద్దంతో చూసి, ఓ ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకి పట్టింది.

“అప్పుడే రమ్మన్నాను కదమ్మా. పన్ను రెండుగా చీలిపోయింది. చీము పక్కదానికి కూడా పాకింది. ఇప్పుడింక చేసేదేం లేదు. రెండూ తీసేయాలి.”

అక్క నోరు మూసుకుంది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

“తీయడానికి ఎంతవుతుందండీ?” అన్నాడు బావ.

“ఒక్కోదానికి ఆరు వందలు.”

బావ సంచీలోంచి పుస్తకం తీశాడు. అక్కడే, ఆ బల్బు కింద నిలబడి లెక్క వేశాడు. తర్వాత అక్క దగ్గరికి వెళ్ళి వంగి, ఎంతో ఆప్యాయంగా, నిజంగా ఆమెను ఓదార్చడానికే అన్నాడు:

“నువ్వేం బెంగపెట్టుకోకు. అప్పుడు ఆరు వేలన్నారు. ఇప్పుడు పన్నెండు వందలే. ఆగినందుకు మనకి నాలుగు వేల ఎనిమిది వందలు మిగిలాయి!”

డాక్టరమ్మ ఒక చేతికి తొడుక్కున్న గ్లవుతో అలాగే నిలబడిపోయింది. “నోర్ముయ్ బావా!” అన్నాను. ఇన్నేళ్ళలో నేనాయన్ని ఏకవచనంతో పిలవడం అదే మొదటిసారి. ఆయన మొహం తెల్లబోయింది. “నేనేం తప్పన్నానోయ్?” అన్నాడు. తెలిసి అనలేదు, అదే ఇంకా రోత.

మమ్మల్ని బయటికి పంపేశారు. ముప్పావు గంట తర్వాత అక్క వచ్చి మా ఇద్దరి మధ్య బెంచీ మీద కూర్చుంది. నోటినిండా దూది. గంటదాకా మాట్లాడకూడదన్నారు. బావ అప్పటికే పుస్తకంలో ‘దంత వైద్యం, 1200’ అని ఎక్కించి, గడి చివర గీత గీస్తున్నాడు. అక్క చెయ్యి చాచింది. మంచినీళ్ళనుకుని సీసా ఇవ్వబోయాడు. కాదని తలూపి, పుస్తకమూ కలమూ ఆయన చేతుల్లోంచి తీసుకుంది.

ఇన్నేళ్ళలో అక్క ఆ పుస్తకంలో అక్షరం ముక్క రాసి ఎరగదు. ఒళ్ళో పెట్టుకుని, గుండీ కుట్టేటప్పటిలాగే మెల్లగా, ఖర్చు గడిలో ఇంకో పద్దు రాసింది.

‘దవడ పళ్ళు, రెండు.’

దాని ఎదురుగా అంకె వేయలేదు. పుస్తకం బావ ఒళ్ళో పెట్టింది, కలం నా చేతిలో పెట్టింది. మా ఇద్దరి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఆయన మొహం ఎంతసేపు చూసిందో, నాదీ అంతసేపూ చూసింది.

బావ ఆ పద్దు రెండుసార్లు చదివాడు. వేలు పెట్టి ఖాళీ గడి చూపిస్తూ, చాలా చిన్న గొంతుతో నన్నడిగాడు.

“దీనికెదురుగా ఎంత వేద్దామోయ్?”

కలం నా చేతిలోనే ఉంది.