ఆయుధపూజ నాడు మాదాపూర్‌లో నా అంతరిక్ష నౌకకు జరిగిన అన్యాయం

మాదాపూర్ వైపు పాత బొమ్మలు కొనడానికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ టపాను చివరిదాకా చదవవలసిందిగా మనవి. సగంలో వదిలేసి వెళ్ళి, తర్వాత నాలాగే సెక్యూరిటీ గేటు దగ్గర నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడితే నాది పూచీ కాదు. నేను చాలా కోపంగా ఉన్నాను. అయినా దారి వివరాలు తప్పు లేకుండా రాస్తాను, ఎందుకంటే నా కోపానికి, మీ ప్రయాణానికి సంబంధం లేదు.

నేను సేకరించేది ‘ధూమకేతు దళం’ బొమ్మలు. నేను ఐదో తరగతిలో ఉండగా ఆదివారం పొద్దున్నే టీవీలో వచ్చిన కార్టూన్ అది. అందులో ఆరుగురు సభ్యులు, వాళ్ళకొక అంతరిక్ష నౌక. ఆ నౌక ప్రతి వారం చెడిపోయేది, ప్రతి వారం దాన్ని మెకానిక్ నీరా బాగుచేసేది. కెప్టెన్ గారు నడుం మీద చేతులు పెట్టుకుని కిటికీలోంచి నక్షత్రాలను చూసేవారు. ఆయనకు అదే డ్యూటీ. అయినా బొమ్మల దుకాణంలో ఎప్పుడు చూసినా కెప్టెనే వేలాడుతుండేవాడు. మిగతా నలుగురూ వెతికితే దొరికేవాళ్ళు. నీరా మాత్రం ఎక్కడా లేదు. ఈ అన్యాయం మీద నాకు పదేళ్ళ వయసులోనే కోపం వచ్చింది. ఉద్యోగం వచ్చాక ఆ కోపానికి జీతం తోడైంది.

నీరాను విడిగా అమ్మలేదనీ, పెద్ద నౌక పెట్టెలో మాత్రమే పెట్టి ఇచ్చారనీ మా సేకర్తల గ్రూపులో అందరి నమ్మకం. పెట్టె మీది బొమ్మలో ఆరుగురూ ఉన్నారు, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? విప్పేసిన పాత నౌకలు అప్పుడప్పుడూ అమ్మకానికి వస్తాయి గాని, వాటిలో నీరా ఉండదు. అడిగితే పిల్లలెవరో పోగొట్టి ఉంటారంటారు. ఈ దేశపు పిల్లల అజాగ్రత్తను ఖండిస్తూ నేను గ్రూపులో రెండు పేరాలు రాశాను కూడా. కాబట్టి నాకు కావలసింది సీలు విప్పని నౌక. మా వాళ్ళలో సీలే సర్వస్వం. పెట్టె కొంటాం, అద్దాల అల్మారాలో పెడతాం, జీవితాంతం విప్పం. ఎందుకని మీరడిగితే చెప్పలేను, కానీ మీరలా అడిగినందుకు బాధపడతాను.

అలాంటి పెట్టె ఒకటి ప్రసాద్ గారి అటక మీద బయటపడింది. కాకినాడ నుంచి వచ్చి మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరుగా స్థిరపడిన పెద్దమనిషి ఆయన. “ఫ్లాట్ మారుతున్నామండి. అటక మీద ఏదీ మిగలకూడదని మా ఆవిడ ఆర్డరు వేసింది. శుక్రవారం మా ఆఫీసులో ఆయుధపూజ, మీటింగులుండవు, వచ్చేయండి” అన్నారు ఫోన్‌లో. దసరా సెలవులకు ముందు చివరి పనిరోజది. ఆ మాటలో ‘వచ్చేయండి’ ఒక్కటే నా చెవికెక్కింది. ఆయనకు ఎంత పంపానో ఇక్కడ రాయను. ఈ బ్లాగు మా అమ్మ చదువుతుంది.

మాది మూసాపేట. బండి మీదైతే కైతలాపూర్ వంతెన ఎక్కి దిగితే హైటెక్ సిటీ. కానీ నౌక పెట్టె చిన్న ఫ్రిజ్జంత ఉంటుంది, దాన్ని బండి మీద తేలేం. అందుకని మెట్రో ఎక్కాను. మెట్రో వాళ్ళ దృష్టిలో మూసాపేటకు, హైటెక్ సిటీకి బంధుత్వం లేదు. ముందు ఎర్ర లైన్లో అమీర్‌పేట దాకా వెళ్ళి, అక్కడ జనంతో పాటు మెట్లెక్కి నీలం లైనుకు మారి, మళ్ళీ వచ్చిన వైపే తిరిగి రావాలి. వెనక వీధిలో ఉన్న చుట్టాల ఇంటికి ఊరు చుట్టి వెళ్ళినట్టు! ఛార్జీ యాభై రూపాయలకు అటూ ఇటూ, సమయం ముప్పావుగంట పైనే. పదిన్నర దాటాక ఎక్కితే ఆఫీసు రద్దీ తగ్గి, కనీసం మన కాళ్ళ మీద మనమే నిలబడే అవకాశం ఉంటుంది.

హైటెక్ సిటీ స్టేషన్లో దిగి ఆటో ఎక్కాను. డ్రైవర్ అద్దంలో నన్ను తేరిపార చూశాడు.

“ఇంటర్వ్యూనా అన్నా?”

“కాదన్నా, అంతరిక్ష నౌక తీస్కపోను వచ్చిన.”

“మంచిది. ప్యాకేజీ ఎంతిస్తరట?”

ఆఫీసు గేటు దగ్గరికే ప్రసాద్ గారు పెట్టె తెచ్చారు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని వచ్చారు. సీలు చెక్కుచెదరలేదు. మూత మీద ఇంజన్ గది పక్కన, చేతిలో పానాతో నీరా నవ్వుతోంది. తీసుకుని వచ్చేస్తే ఈ టపా ఇక్కడితో అయిపోయేది. కానీ ప్రసాద్ గారిది గోదావరి మర్యాద. “పండగపూట తినకుండా ఎలా వెళ్తారండీ? పైన పులిహోర, చక్రపొంగలి ఉన్నాయి. రండి, పది నిమిషాలు” అన్నారు. బయటివాళ్ళ పెట్టెలు లోపలికి తీసుకెళ్ళకూడదట. స్కానర్లో పెడదామంటే నౌక పట్టలేదు. దాన్ని గేటు దగ్గర సెక్యూరిటీ యాదయ్యకు అప్పగించవలసి వచ్చింది.

యాదయ్యది నల్లగొండ వైపు. మీసం చూస్తే నమ్మకం కలిగే మనిషి. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, “ఏందన్నా ఇది, బొమ్మనా?” అన్నాడు.

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఇంట్లో మా అమ్మ దగ్గర్నుంచి ఆఫీసులో మా టీమ్ లీడ్ దాకా అందరూ ఇదే మాట. ఇక్కడైనా నిజం నిలబెట్టాలనుకున్నాను.

“బొమ్మ గిమ్మ అనకన్నా. ఇది వాహనం. ఇండ్ల ఆరుగురు పోతరు.”

“గాలిల పోతదా?”

“గాలి గూడ లేని కాడ పోతది.”

యాదయ్య పెట్టెను గౌరవంగా కింద పెట్టాడు. “అట్లనా! నువ్వు ఫికర్ జెయ్యకు. మా బండ్లతోని పాటే సూస్కుంట” అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మనిషి ఏదీ దాచలేదు. అంతా చెప్పే చేశాడు.

పైన ఆఫీసులో ఒక్కో లాప్‌టాప్‌కు ఒక్కో కుంకుమబొట్టు, ప్రింటరుకు బంతిపూల దండ, సర్వర్ గది గుమ్మానికి మామిడాకులు. నేను పులిహోర తింటూ ప్రింటరును చూసి నవ్వాను. “నవ్వకండి. కిందటేడు ఆ మూలదానికి బొట్టు మర్చిపోయామండి. సంవత్సరమంతా అదొక్కటే కాగితాలు నమిలింది” అన్నారు ప్రసాద్ గారు. ఇంకా నవ్వాను. ఆ నవ్వులకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆయన ఎవరితోనో మాట్లాడుతుంటే నేను ముందుగా కిందికి దిగాను. పార్కింగులో బండ్లన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. కంపెనీ కార్లు, గార్డుల బైకులు, యాదయ్య సైకిలు. ఆ చివర, సైకిలు పక్కన, పెట్టెలోంచి బయటికి తీసిన నా నౌక! ముక్కు మీద పసుపు, నడినెత్తిన కుంకుమ, రెక్కలకు బంతిపూల దండ, కింద మూడు చక్రాలకూ మూడు నిమ్మకాయలు. గుమ్మడికాయ కోసిన కత్తితోనే సీలు కోశారని తెగిన టేపు అంచున అంటిన గింజ సాక్ష్యం చెబుతోంది.

నేను వేసిన కేకకు పావురాలు లేచిపోయాయి.

“ఏం జేసినవ్ అన్నా! సీలు! సీలు తెంపినవ్!”

“టేపే గదా? పది రూపాయలు. కొత్తది ఏపిస్త” అన్నాడు యాదయ్య.

“దాన్ని ఎవల్ ముట్టద్దు! పుట్టినకాడికెల్లి ఎవల్ ముట్టలే!”

“నువ్వే గద వాహనమన్నవ్? బొమ్మంటే నేనెందుకు ముడ్త? వాహనమని జెప్పి, ఇయ్యాల పూజ లేకుంట ఇడిసిపెడ్తే, రేపు అది యాడనో ఆగిపోతే నన్నంటవ్. సరే గని, నువ్వు ఆరుగురంటివి, ఐదుగురే ఎల్లిన్రు. అందరికి బొట్టు పెట్టిన. మూత మీదున్న గా ఆడివిల్ల యాడ?”

నేను వంగి చూశాను. కెప్టెన్ నుదుట బొట్టుతో నిటారుగా కూర్చున్నాడు. మిగతా నలుగురూ వాళ్ళ వాళ్ళ సీట్లలో ఉన్నారు. ఇంజన్ గదిలో సీటు ఖాళీగా ఉంది.

ఆ తర్వాత నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. నీరాను ఎవరో తీశారన్నాను. కెమెరాలు చూపించమన్నాను. పైవాళ్ళకు చెబుతానన్నాను. అప్పటిదాకా నవ్వుతున్న యాదయ్య మీసం కిందికి దిగింది.

“తమ్మీ, నవ్వులాట వేరు. పండగనాడు నా నెత్తిన దొంగతనం పెట్టకు. ఈ గేటు కాడ ఎన్నో లాప్‌టాపులు మరిసిపోయిన్రు, అన్ని పిలిచి ఇచ్చిన. ఒక్క ప్లాస్టిక్ పిల్లను నేనేం జేస్కుంట?”

అన్న అనేవాడు తమ్మి అన్నాడంటే పరిస్థితి చేయి దాటిందని అర్థం. డ్రైవర్లు చుట్టూ చేరారు. ఇద్దరు కార్ల కింద దూరి వెతికారు. ఇంతలో ప్రసాద్ గారు వచ్చారు. సంగతి విని, పెట్టెలోంచి బొమ్మలను పేర్చే ప్లాస్టిక్ అచ్చును బయటికి తీశారు. ఒక్కో బొమ్మ ఆకారానికి ఒక్కో గుంట ఉంటుంది అందులో. ఆయన వేలితో తడిమి చూసి, నా వైపు తిప్పారు.

ఐదు గుంటలే ఉన్నాయి. ఆరోదాని చోటు చదునుగా ఉంది.

పోవడానికి అసలు ఆమె అందులో ఉంటేగా! ఏ పిల్లలూ ఆమెను పోగొట్టలేదు. ఆమెను తయారే చేయలేదు. ప్రతి ఆదివారం నౌకను బాగుచేసిన మనిషిని మూత మీద నవ్వుతూ నిలబెట్టి డబ్బు తీసుకున్నారు గాని, అచ్చు పోయడానికి ఆ కంపెనీకి గుప్పెడు ప్లాస్టిక్ దొరకలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడికి దొరికింది! పదేళ్ళప్పుడు వచ్చిన కోపం అంతకంత పెరిగి వచ్చింది, కానీ తిట్టడానికి ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఎదురుగా యాదయ్య ఉన్నాడు, ఆయనను తిట్టడం అప్పటికే అయిపోయింది.

ప్రసాద్ గారు మెట్టు మీద కూర్చుండిపోయారు. “మా అమ్మాయి చిన్నప్పుడు రోజూ అడిగేదండి. ఆ మెకానిక్ అక్కను ఒక్కసారి చూపించు నాన్నా అని. అప్పట్లో నాకూ మీ పిచ్చే ఉండేది. సీలు పోతుందమ్మా, విప్పకూడదు అన్నాను. ఏడ్చింది కూడా. ఇప్పుడు పుణెలో ఇంజనీరింగ్ చదువుతోంది” అన్నారు. ఆ అచ్చును ఆయన ఇంకా ఒళ్ళోనే పెట్టుకుని ఉన్నారు.

నేను యాదయ్య దగ్గరికి వెళ్ళి, “తప్పయింది అన్నా” అన్నాను.

“తప్పు సరే” అన్నాడు యాదయ్య, కోపం పూర్తిగా దిగకుండానే. “గా సీటు సంగతేంది? పూజ జేసిన బండిల సీటు ఖాళీ ఉంచుతవా?”

అక్కడే గోడవారన, సాయంత్రం ఆఫీసువాళ్ళు ఆడే బతుకమ్మ కోసం తంగేడు పూలు పేరుస్తోంది హౌస్‌కీపింగ్ స్వరూపక్క. ఇదంతా విని విసుగొచ్చినట్టుంది. “గింత లొల్లి దేనికి? బొమ్మ లేకపోతేంది?” అంటూ బతుకమ్మ మీద పెట్టడానికి కలిపిన పసుపు ముద్దలోంచి కొంచెం తుంచి, అరచేతిలో గుండ్రంగా చేసి, కొస తీసి గౌరమ్మను చేసింది. కుంకుమ అద్ది ఇంజన్ గది సీట్లో కూర్చోబెట్టింది. “గౌరమ్మ కూసున్నది. ఇగ యాడ ఆగదు, తీస్కపో” అంది.

ప్రసాద్ గారు డబ్బు వెనక్కి ఇస్తానన్నారు. నేను నౌకను వెనక్కి ఇవ్వనన్నాను. ఆయన మాత్రం ఫోన్‌తో ఇంజన్ గదిని ఒక ఫోటో తీసుకున్నారు.

తిరుగు ప్రయాణం ఆటోలోనే. కైతలాపూర్ వంతెన మీదుగా మూసాపేటకు అరగంట, పండగ పేరు చెప్పి రెండువందల యాభై తీసుకున్నారు. మామూలు రోజుల్లో ఇంకా తక్కువకు వస్తారు. ఒళ్ళో దండ వేసిన నౌక, పక్కన ఖాళీ పెట్టె. డ్రైవర్ సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి, “నిమజ్జనానికా అన్నా?” అని అడిగాడు.

గ్రూపులో నిజం చెప్పాను. ఎవరూ నమ్మలేదు. కొందరు నౌక మీది పసుపు మరకలకు సంతాపం తెలిపారు. ఒకాయన, ఆ సీట్లో ఉన్నది నకిలీ భాగమనీ, తీసేస్తే మంచి ధర వస్తుందనీ సలహా ఇచ్చాడు. నకిలీయా! అసలనేది ఎప్పుడైనా ఉంటే గదా నకిలీ ఉండడానికి? తయారుచేసినవాళ్ళు ఎగ్గొట్టిన పనిని స్వరూపక్క పూలు పేరుస్తూ ఒక్క నిమిషంలో చేసేసింది. ప్రపంచం మొత్తం మీద మెకానిక్ ఉన్న నౌక ఇప్పుడు ఒక్క మూసాపేటలోనే ఉంది. పసుపు ఎండి కొంచెం బీటలు వారింది. నేను దాన్ని అద్దాల వెనక పెట్టలేదు. మొన్న ప్రసాద్ గారు, ఆ ఫోటో చూసి వాళ్ళమ్మాయి పంపిన జవాబును నాకు పంపారు. ఒక్క ముక్కే ఉంది అందులో: “చూశాను నాన్నా.”

చివరగా, వెళ్ళేవాళ్ళకు ఒకే ఒక సూచన. ఆయుధపూజ రోజుల్లో గేటు దగ్గర “బొమ్మనా?” అని అడిగితే, పౌరుషం చంపుకుని “అవునన్నా, బొమ్మే” అనండి. మీ సీలు క్షేమంగా ఉంటుంది. మీ పెట్టెలో ఎవరి సీటైనా ఖాళీగా ఉందేమోనని ఏ మూలైనా అనుమానం ఉంటే మాత్రం, వాహనమనే చెప్పండి.