రాకెట్టును కూల్చిన అచ్చుతప్పు

అంతరిక్ష కేంద్రం మూడో అంతస్తులో, మెట్ల పక్కనున్న ఇరుకు గది టైపు సెక్షను. అందులో ఇరవై ఆరేళ్ళుగా కూర్చున్న మనిషిని అందరూ టైపక్క అనేవారు. డైరెక్టరు కూడా చాటున అలాగే అనేవాడు, ఎదురుపడితే మాత్రం "అమ్మా" అనేవాడు. మొదట్లో టకటకలాడే మిషను, ఆ తరవాత కంప్యూటరు వచ్చాయి గాని ఆమె కుర్చీ మారలేదు. దాని కాలు ఒకటి పొట్టి. కింద నాలుగు మడతల అట్టముక్క పెట్టుకునేది. పది అంతస్తుల ఎత్తు రాకెట్టును నిటారుగా నిలబెట్టే ఇంజనీర్లు మూడొందల మంది ఉన్న ఆ భవనంలో, ఒక కుర్చీని నిటారుగా నిలబెట్టే తీరిక ఎవరికీ దొరకలేదు మరి.

రాకెట్టు ఎగిరేముందు కావలసిన కాగితాలన్నీ ఆమే కొట్టేది: ఏ మీట ఎప్పుడు తిప్పాలో చెప్పే పనిసూచికలు, పెద్దల ప్రసంగాలు. పడిపోయాక విచారణ నివేదికలూ ఆమే కొట్టేది. ఈ రెంటి మధ్య ఆమె ఒక వ్యాకరణ సూత్రం కనిపెట్టింది. పైకి వెళ్ళేటప్పుడు ప్రతి క్రియకూ కర్త ఉంటాడు. మేము నిర్మించాం, మేము ప్రయోగిస్తున్నాం, మేము చరిత్ర సృష్టించబోతున్నాం. కిందికి వచ్చేటప్పుడు కర్తలందరూ సెలవు మీద వెళ్ళిపోతారు. పీడనం తగ్గింది, సంకేతం తెగింది, పతనం సంభవించింది. ఏదో వానాకాలం జలుబులాగా, ఎవరి ప్రమేయం లేకుండా.

అలాంటి నివేదికలు అప్పటికి మూడు కొట్టింది. మొదటి రాకెట్టు నలభై సెకన్లలో సముద్రంలో పడితే తప్పు గాలిదని తేల్చారు. గాలి అభ్యంతరం చెప్పలేదు. రెండోది పడితే, మీటలు అమ్మిన పరాయి దేశపు కంపెనీది తప్పన్నారు. మూడోది పడినప్పుడు మాజీ డైరెక్టరు తీసుకున్న నిర్ణయాలే కారణమని రాశారు. ఆయన అప్పటికి పోయి ఏడాదయింది కనక సంజాయిషీ అడిగితే ఇచ్చే స్థితిలో లేడు. అలా గాలి, పరాయివాడు, పోయినవాడు ముగ్గురూ అయిపోయారు. నాలుగోసారికి బతికున్నవాళ్ళే మిగిలారు.

టైపక్క భర్త దర్జీ. వీధి మలుపులో అతని కొట్టు. దేశమంటే అతనికి ప్రాణం. ప్రయోగం ఉన్న రోజున మిగిలిపోయిన గుడ్డపేలికలతో చిన్న చిన్న జెండాలు కుట్టి వీధంతా పంచేవాడు. టీవీని అరుగు మీదికి తెచ్చి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దాని ముందు నిలబడేవాడు. ఎవరైనా కూర్చుని చూస్తే కోప్పడేవాడు కూడా.

నాలుగో రాకెట్టు తొంభై రెండు సెకన్లు ఎగిరింది. తొంభై మూడో సెకనులో తెర మీద తెల్లని పొగ పువ్వులా విచ్చుకుంది. అది రాకెట్టు రెండో దశ అనుకుని వీధంతా చప్పట్లు కొట్టింది. టీవీలో వ్యాఖ్యాత గొంతు ఆగిపోయాక గాని చప్పట్లు ఆగలేదు.

"ఎవడో కావాలనే చేశాడు!" అని దర్జీ జెండా నేలకేసి కొట్టబోయి, అది జెండా అని గుర్తొచ్చి చెప్పు తీసి కొట్టాడు. "ఇన్ని కోట్ల మంది ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఇలాగా? వాడెవడో పట్టుకుని నడివీధిలో నిలబెట్టి ఉరి తీయాలి!"

పక్కింటి బీమా ఏజెంటు, "ఉరి చాలదు" అన్నాడు.

దేశాధ్యక్షుడు సాయంత్రం మాట్లాడుతూ, గతసారి కన్నా ఈసారి పదకొండు సెకన్లు ఎక్కువ ఎగిరాం గనక ఇది వైఫల్యం కాదన్నాడు. అయినా బాధ్యుల్ని మాత్రం వదలబోమన్నాడు. వైఫల్యం కానిదానికి బాధ్యులెందుకని ఎవరూ అడగలేదు. అయిదుగురు పెద్దమనుషులతో కమిటీ వేశారు. మూడు వారాలు గడువు.

కమిటీ రెండు వారాలపాటు రాకెట్టును వెతికింది. రాకెట్టు సముద్రం అడుగున ఉంది. మూడో వారం కాగితాల్లో వెతికింది. కాగితాలు రెండో అంతస్తులోనే ఉన్నాయి, పైగా తడి లేదు. పనిసూచిక పద్నాలుగో పేజీలో దొరికింది. ఇంధనపు మీట ఇరవై ఒకటో సెకనులో తెరవాలని ఉండాల్సిన చోట పన్నెండో సెకనులో అని ఉంది. అంకెలు తారుమారు.

డైరెక్టరు టైపక్కను పిలిపించాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆయన గదిలో ఆమెను కూర్చోమన్నారు. కుర్చీ నాలుగు కాళ్ళూ సమంగా ఉండటం చూసి, ఇదేదో కీడుకే అనుకుంది.

"అమ్మా, ఇది మీరు కొట్టిందేనా?"

"నేను కొట్టిందే సార్."

"ఇరవై ఒకటి బదులు పన్నెండు అని పడింది."

ఆమె కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "చేతిరాత ప్రతిలో ఏముంది సార్?"

"అది కనబడటం లేదు."

"మరి నాకు గుర్తులేదు సార్. రోజుకు నలభై పేజీలు కొడతాను. నేనే తప్పు కొట్టానేమో. చేత్తో రాసినాయనే అలా రాశాడేమో. కాని కింద ఏడు సంతకాలున్నాయి కదా, సరిచూశామని."

"సంతకం అంటే చూశామని అమ్మా. చదివామని కాదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీకేం భయం లేదు. మీ మీద పెద్ద చర్యలేమీ ఉండవు. దేశానికి ఒక సమాధానం కావాలి, అంతే. ఇంకో మాట. నివేదిక సోమవారానికి కావాలి. నూట ఎనభై పేజీలు. తప్పుల్లేకుండా కొట్టేది మీరొక్కరే."

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. ఇక్కడ మద్దెలనే పిలిచి, నువ్వు ఓటిదానివని ఒక దరువు వేసి చూపించమంటున్నారు.

టైపక్కకు కోపం కన్నా అనుమానం ఎక్కువ బాధ పెట్టింది. నిజంగానే కొట్టి ఉంటే? మధ్యాహ్నం భోజనం వేళ పక్క గదిలోని డిస్పాచ్ అక్కను కూర్చోబెట్టి, నోటికొచ్చిన అంకెలన్నీ చదవమంది. డిస్పాచ్ అక్క ఉత్తరాల మీద ముద్రలు వేసే మనిషి, గట్టి గొంతు. ఇరవై ఒకటి, పదిహేడు, పన్నెండు, డెబ్భై మూడు అంటూ చదువుతుంటే, మూడొందల అంకెలు కొట్టింది టైపక్క. తరవాత ఇద్దరూ వేలు పెట్టి సరిచూశారు. రెండు తప్పులు దొరికాయి.

"మూడొందలకి రెండేగా! నేనయితే ముప్ఫై చేసేదాన్ని" అంది డిస్పాచ్ అక్క.

"రెండున్నాయిగా" అంది టైపక్క. ఆ రోజు అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్ళింది.

కమిటీ రహస్యాన్ని రహస్యంగానే ఉంచింది. అందువల్ల మర్నాటి ఉదయానికే టీవీలన్నిటిలో వచ్చేసింది. "టైపిస్టు నిర్లక్ష్యానికి బలైన జాతి గౌరవం" అని తెర కింద ఎర్రటి పట్టీ పరుగులు తీసింది. దర్జీ ఆ మాట కొట్లో విన్నాడు. కొలతలకు వచ్చిన మనిషి టేపు నడుముకు ఉండగానే, "ఎవరండీ ఆ మహాతల్లి, మీ ఆవిడ కూడా అక్కడే కదా, తెలిసే ఉంటుంది" అన్నాడు. దర్జీ టేపు చుట్టేసి కొట్టు మూసి ఇంటికొచ్చాడు.

"నువ్వేనా?"

"నేనేనట."

"అట ఏమిటి? కొట్టావా, కొట్టలేదా?"

"తెలీదండీ. కొట్టి ఉండొచ్చు. మూడొందల అంకెలకు రెండు తప్పులొస్తున్నాయి నాకు. లెక్క చూసుకున్నాను."

దర్జీ వీధి వైపు కిటికీ మూసేశాడు. ఉరి తీయాలన్న మాట వీధంతా విన్నది గదా. బయట పిల్లలు అప్పటికే "అచ్చుతప్పు ఆంటీ! అచ్చుతప్పు ఆంటీ!" అని అరుస్తూ సైకిళ్ళ మీద రెండు చుట్లు తిరిగారు. బీమా ఏజెంటు తన గేటు దగ్గర నిలబడి, ఆమె వినాలనే ఎవరితోనో, "మన వీధికే తలవంపులండీ" అంటున్నాడు.

దర్జీ ఇంట్లో ఉన్న పాత కుట్టుమిషను చక్రం ఊరికే తిప్పుతూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి గేటు దగ్గరికి వెళ్ళాడు.

"ఏమండీ ఏజెంటుగారూ, మీ ప్యాంటు కొలత చీటీ మీద ముప్ఫై ఆరు బదులు అరవై మూడని రాశాననుకోండి. కత్తెర పెట్టేముందు నేను ఒకసారి మిమ్మల్ని చూడనా? అరవై మూడు అంగుళాల నడుము ఈ వీధిలో ఎవరికైనా ఉందా? ప్యాంటుకే రెండుసార్లు కొలుస్తాను నేను. వాళ్ళు కుట్టింది రాకెట్టు!"

"అంటే మీరు దేశం మీద..."

"దేశం మీద కాదు, మీ నడుము మీద" అని తలుపు వేసుకున్నాడు. లోపలికొచ్చి భార్య ముఖం చూడకుండానే, "టీ పెట్టనా?" అన్నాడు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో అతను టీ పెట్టడం అదే మొదలు. పంచదార బదులు ఉప్పు వేశాడు. రెండూ తెల్లగానే ఉంటాయి గదా. ఇద్దరూ నవ్వుకుని పారబోశారు.

టైపక్క నివేదిక కొట్టింది. తన గురించిన పేరా నూట ముప్ఫై నాలుగో పేజీలో వచ్చింది. మూడు నివేదికల తరవాత మొదటిసారి ఒక క్రియకు కర్త దొరికాడు. "టైపిస్టు అంకెలను తారుమారు చేసినది." ఆ పేరాలో ఒక అక్షరం కూడా మార్చలేదామె. పైగా కమిటీ ఛైర్మన్ చేతిరాతలో "నిర్లక్ష్యం" తప్పుగా ఉంటే సరిదిద్దింది కూడా.

నివేదికలో ప్రస్తావించిన ప్రతి కాగితాన్నీ వెనకాల అనుబంధంగా జతచేయాలని కేంద్రంలో ఒక నియమం ఉంది. ఎవరూ చదవరు గనక ఎవరికీ తెలియదు. ఆమెకు తెలుసు, కొట్టింది ఆమే. ఇదివరకటి నివేదికలకూ అలాగే చేసింది. ఈసారి కూడా అనుబంధాలన్నీ వరసగా పేర్చింది. తొమ్మిదో అనుబంధం పనిసూచిక పద్నాలుగో పేజీ. పైన పన్నెండు అనే అంకె, అడుగున "సరిచూశాను" అంటూ ఏడు సంతకాలు. నాలుగు ఇంజనీర్లవి, ఒకటి డైరెక్టరుది, రెండు సాక్షాత్తు కమిటీ సభ్యులవి. ఛైర్మన్ మొత్తం కట్ట మీద సంతకం పెట్టాడు. చూశాడే గాని చదవలేదన్నమాట.

చట్టసభలో ప్రతిపక్షం వాళ్ళకు దేశభక్తి ఎక్కువో, తీరిక ఎక్కువో, నివేదిక వెనక పేజీలు తిరగేశారు. మర్నాడు టీవీలన్నిటిలో ఏడు సంతకాలూ చుట్టూ ఎర్ర గుండ్రాలతో ప్రత్యక్షమయ్యాయి. తిలా పాపం తలా పిడికెడు అంటారు గాని, ఇక్కడ పిడికిలి చాపడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ఒకాయన తన సంతకం తనది కాదన్నాడు. ఇంకొకాయన తనదే గాని ఆ రోజు కళ్ళజోడు మరిచిపోయానన్నాడు.

కమిటీ మీద ఇంకో కమిటీ వేశారు. అది ఆర్నెల్లు కూర్చుని ఒక మహా సత్యం కనిపెట్టింది. ఆ పద్నాలుగో పేజీని ఎవరూ వాడలేదు. రాకెట్టులోని కంప్యూటరుకు అంకెలు అంతకు ఎనిమిది నెలల ముందే, వేరే దారిలో, సరిగ్గా ఇరవై ఒకటని ఎక్కించేశారు. ఆ కాగితంలో పన్నెండున్నా, పన్నెండు వేలున్నా ఒకటే. మరి రాకెట్టు ఎందుకు పడింది? "మరింత లోతైన పరిశీలన అవసరం" అని ముగించారు. సముద్రం అక్కడ లోతుగానే ఉంది మరి.

డైరెక్టరును ప్రభుత్వ సలహాదారుగా పైకి పంపారు. టైపక్కకు మెమో వచ్చింది. తప్పు కొట్టినందుకు కాదు, "అనుబంధాల విషయంలో అత్యుత్సాహం ప్రదర్శించినందుకు". మెమోలో మూడు అచ్చుతప్పులున్నాయి. ఆమె ఎర్రసిరాతో దిద్ది, అందినట్టు సంతకం పెట్టి, డిస్పాచ్ అక్క చేత ముద్ర వేయించి వెనక్కి పంపింది. వారం తిరక్కుండా ఆమెను నేలమాళిగలోని పాత కాగితాల గదికి మార్చారు. అక్కడ చల్లగా ఉండేది, ఎవరూ వచ్చేవారు కాదు. చివరి రెండేళ్ళూ చెదపురుగులతో వేగి, ఆ గదిలోంచే రిటైరయింది.

ఆ తరవాత ఏడాదికి అయిదో రాకెట్టు ఎగిరింది. తొంభై రెండు సెకన్లు దాటింది, మూడొందలు దాటింది, ఉపగ్రహాన్ని తీసుకెళ్ళి చెప్పిన చోటే వదిలింది. దర్జీ ఈసారి టీవీ అరుగు మీదికి తేలేదు. లోపలే, తలుపు దగ్గరగా వేసుకుని, చొక్కా మాత్రం ఇస్త్రీది తొడుక్కుని చూశాడు.

సాయంత్రానికి వీధివాళ్ళంతా ఇంటి ముందుకు వచ్చేశారు. ముందు బీమా ఏజెంటు, చేతిలో పూలగుత్తితో. వద్దంటున్నా వినకుండా టైపక్కను కుర్చీలో కూర్చోబెట్టి వీధి మధ్యకు తీసుకొచ్చారు.

"ఇరవై తొమ్మిదేళ్ళు ఆ మహాయజ్ఞంలో చెమటోడ్చిన వీరవనిత మన వీధి ఆడపడుచు కావడం మనకు గర్వకారణం!" అన్నాడు ఏజెంటు. "ఈ రోజు పైకి వెళ్ళిన ఆ రాకెట్టులో ఆవిడ వేళ్ళ కష్టం ఉంది!"

"లేదండీ" అంది టైపక్క. "నేను రిటైరై ఏడాదయింది. దీనికి నేను ఒక్క అక్షరం కూడా కొట్టలేదు."

"చూశారా, ఎంత వినయమో!" అన్నాడు ఏజెంటు. చప్పట్లు మోగిపోయాయి.

ఎవరో రాకెట్టు ఆకారంలో కేకు చేయించి తెచ్చారు. ముక్కు భాగం ఏజెంటు పుచ్చుకుని మిగతాది పంచిపెట్టాడు. టైపక్కకు తోక దగ్గరి ముక్క వచ్చింది. ఆమె దాన్ని సగం విరిచి, గుమ్మంలో నిలబడి చూస్తున్న దర్జీకి పట్టుకెళ్ళి ఇచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాడతను.

"తిని చూడండి. ఈసారి పంచదారే వేశారు" అంది.