దొరగారి అద్దాల బీరువా

ముప్పై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్న ఆ మనిషికి అద్దం గురించి తెలియనిది లేదని పేరు. ఆ పేరు జనం పెట్టింది కాదులెండి, ఆయనే పెట్టుకున్నాడు. గోటితో ఒక్కసారి మీటి అద్దం మందమెంతో చెప్పేవాడు. బస్సు కిటికీ మీద మరక కనిపిస్తే సొంత జేబురుమాలుతో తుడిచేవాడు. దుకాణంలో అందరూ 'అద్దాలాయన' అనేవారు. యాభై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, అడిగేవాళ్ళు అడగడం మానేశారు, ఆయన చెప్పడం మానేశాడు.

అక్క పోయాక ఆమె కూతురు ఈయన దగ్గరికొచ్చి అయిదేళ్ళుంది. ఆ అయిదేళ్ళూ మామా మేనకోడళ్ళు ఒకరినొకరు దెప్పుకుంటూ, ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా బతికారు. పిల్ల పేరు రికార్డుల్లో ఏదైనా, ఇంట్లో మాత్రం చిట్టి. ఆ చిట్టి ఒకరోజు ప్లాస్టిక్ డబ్బాలో ఒక బల్లిని తెచ్చింది. వేలెడంత ఉంది. ఆకుపచ్చ ఒళ్ళు, వీపు మీద ఎర్ర చుక్కలు.

"గోడల మీద ఊరికే తిరిగే బల్లులు చాలక దీన్ని కొనుక్కొచ్చావా?" అన్నాడాయన.

"ఇది ఆ బల్లి కాదు మామయ్యా. పగలు తిరిగే బల్లి. దీనికి ఎండ కావాలి, చెట్లు కావాలి."

"ఇంకేం కావాలట దొరగారికి?"

ఆ మాటే దానికి పేరయిపోయింది.

ఏడాది తిరక్కుండానే చిట్టికి వేరే ఊళ్ళో ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం వచ్చింది. ఆమె చేరిన హాస్టల్లో తోక ఉన్న ఏ ప్రాణికీ ప్రవేశం లేదట. దొరగారు మామయ్య దగ్గరే ఉండిపోయారు. "ఆ డబ్బాలోంచి తీసి మంచి ఇల్లు కట్టు మామయ్యా" అని చెప్పి చిట్టి బస్సెక్కింది. ఆమె వెళ్ళాక ఆ రెండు గదుల ఇల్లు నాలుగు గదులంత అయింది. కుక్కర్ కూత పెడితే ఆయనే ఉలిక్కిపడేవాడు. మొదట్లో చిట్టి ఇరవై రోజులకో పాతిక రోజులకో ఫోన్ చేసేది. తిన్నావా, తిన్నాను, బాగున్నావా, బాగున్నాను, సరే ఉంటాను. రెండు నిమిషాలు.

సరిగ్గా అప్పుడే దుకాణం యజమాని గోడలకు కొత్త అరలు చేయించి, పాత అద్దాల బీరువాని బయట పడేయబోయాడు. మనిషెత్తు టేకు చట్రం, ముందు జరిపే అద్దాల తలుపులు, లోపల కళ్ళజోళ్ళు పేర్చే గాజు అరలు. అద్దాలాయన దాన్ని రిక్షా బండి మీద ఇంటికి తోలించుకున్నాడు. పని దొరికితే మనిషికి తిండి కూడా రుచిస్తుంది. నాలుగు వారాల పాటు ఆయన కడుపునిండా తిన్నాడు.

గాజు అరలన్నీ తీసేశాడు. వెనకనున్న నిలువుటద్దం ఊడదీశాడు, దొరగారు తన నీడతోనే తగువు పెట్టుకుంటారని. దాని స్థానంలో బెరడు పలకలు అతికించాడు. చెమ్మకి టేకు పాడవకుండా అడుగున జిగురు పూసి, ఆ వాసన పోయేదాకా పది రోజులు తలుపులు తెరిచి ఉంచాడు. అడుగున గులకరాళ్ళు, వాటి మీద దోమతెర గుడ్డ, ఆ పైన కొబ్బరిపొట్టు కలిపిన మట్టి. గాలి ఆడటానికి కిందా పైనా పక్కచెక్కలకు చిల్లులు పెట్టి సన్నని జాలీ కొట్టాడు. మనీప్లాంటు, రెండు ఫెర్న్ మొక్కలు, ఏటవాలుగా మూడు వెదురు బొంగులు. తలుపుల మధ్య సందులోంచి దొరగారు జారుకోకుండా కళ్ళజోడు ఫ్రేముల్లో వాడే సన్నని పట్టీ బిగించాడు. అంత నేర్పు ఇంకెవరికి వస్తుంది!

నేర్పుతో పాటు పొగరూ వచ్చింది. బీరువా పైకప్పుకి జాలీ పెట్టి, దాని మీద ఎండలాంటి కిరణాలిచ్చే దీపం పెట్టమని చిట్టి ఫోన్లో మరీమరీ చెప్పింది. "జాలీ పెడితే కోళ్ళగూడులా ఉంటుందే" అన్నాడాయన. దుకాణంలోకెల్లా తేటైన అద్దం కోయించి పైకప్పుగా బిగించి, దీపం దాని మీద పెట్టాడు. అద్దం ఉందో లేదో తెలియనంతగా తుడిచాడు.

రెండు నెలలు గడిచాయి. మొక్కలు ఏపుగా పెరిగాయి. దొరగారు మాత్రం చిక్కారు. బొంగు మీంచి ఆకు మీదికి దూకబోయి కింద పడేవారు. తోక మధ్యలో వంకర తిరిగింది. కీచురాయిని పట్టుకున్నా నమల్లేక వదిలేసేవారు.  చిట్టి ఫోన్ చేసినప్పుడు అద్దాలాయన ఆ సంగతి చెప్పాడు.  ఆ వారం నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగడం మొదలైంది. ముందు దొరగారి సంగతి, తర్వాత హాస్టల్లో నీళ్ళచారు సంగతి, పక్క మంచం అమ్మాయి గురక సంగతి. అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట.

అసలు జబ్బేమిటో బయటపడింది దుకాణంలోనే. ఒక మధ్యాహ్నం ముందు కూర్చునే కుర్రవాడు భోజనానికి వెళ్ళడంతో, ఒక టీచరమ్మకు ఈయనే అద్దాలు చూపిస్తున్నాడు.

"ఇవి వేయించుకోండమ్మా. ముప్పై ఏళ్ళ నుంచి చెప్తున్నా, మంచి అద్దం ఎండలోని కంటికి కనపడని కిరణాల్ని లోపలికి..."

అక్కడితో ఆగిపోయాడు.

"లోపలికి?" అంది టీచరమ్మ.

"రానివ్వదు" అన్నాడు, చేతిలో అద్దం కింద పెట్టేసి.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఎండ ఏ అద్దం దగ్గర ఆగిపోతుందో ఊరందరికీ చెప్పిన మనిషే ఆ అద్దాన్ని తెచ్చి దొరగారి నెత్తిన పెట్టాడు. వెదురు బొంగు మీద కూర్చుని ఆ ప్రాణి రోజంతా దీపం వైపు చూస్తూనే ఉంది, దానికి కావలసింది మాత్రం దానిదాకా రావడం లేదు. ఆయన ఉద్యోగంలో మొదటిసారి పూట సెలవడిగి ఇంటికి పరిగెత్తాడు. పైఅద్దం ఊడదీసి జాలీ బిగించాడు. పశువుల డాక్టరు కుక్కల మధ్య ఈ వేలెడు ప్రాణిని చూసి మొదట నవ్వి, తర్వాత పుస్తకం తిరగేసి, ఎండ తగలక ఎముకలు మెత్తబడ్డాయని చెప్పి కాల్షియం చుక్కలు రాసిచ్చాడు. వంగిన తోక ఇక నిటారు కాదన్నాడు.

నెలన్నర తిరిగేసరికి దొరగారు పుంజుకున్నారు. కీచురాళ్ళు కరకరా నమిలేవారు. ఆదివారం మూడింటికి ఫోన్ మోగినప్పుడు ఆయన బీరువా ముందే ఉన్నాడు. దొరగారు బొంగు మీంచి ఆకు మీదికి ఒక్క గెంతు గెంతి, ఆకు మీది నీటిచుక్క నాకుతున్నారు.

"ఎలా ఉంది మామయ్యా?"

"అలాగే ఉందమ్మా. నీరసంగానే ఉంది."

ఎందుకలా అన్నాడో ఫోన్ పెట్టేదాకా ఆయనకే తెలియలేదు. పెట్టాక తెలిసింది. బల్లి బాగుపడితే మళ్ళీ రెండు నిమిషాల తిన్నావా తిన్నానే మిగులుతుంది. ఆ ముప్పావుగంట కోసం ఆయన సోమవారం నుంచే ఎదురు చూస్తున్నాడు. ఒంటరితనం మనిషి చేత ఎంత నీచమైన పనైనా చేయిస్తుంది, ఇది అంత నీచం కాదనుకున్నాడు. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు, ఫ్రేముకి అద్దం అతికించడం ఆయనకి రోజూ ఉన్న పనే. ఒక వారం ఆకలి లేదన్నాడు, ఒక వారం కాస్త నయమన్నాడు, ఆ మరుసటి వారం మళ్ళీ మొదటికొచ్చిందన్నాడు. అలా ఆరు ఆదివారాలు.

ఏడో ఆదివారం పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడైంది. గుమ్మంలో టోపీ పెట్టుకున్న మనిషి, చేతిలో చిల్లులున్న పెట్టె, లోపల మెత్తని గుడ్డ.

"మీ మేనకోడలు పంపిందండీ. నేను ఇలాంటివి పెంచుతాను. మీ దగ్గర ఇక బతికేలా లేదని, దాన్ని తీసుకెళ్ళి చూసుకోమని నన్నడిగింది."

అద్దాలాయన తేలు కుట్టిన దొంగలా పక్కకు జరిగాడు. టోపీ పెట్టుకున్నాయన బీరువా ముందు వంగి చాలాసేపు చూశాడు. దొరగారు అద్దం మీదికెక్కి, బొద్దుగా ఉన్న తెల్లని పొట్ట ఆయనకు చూపించారు.

"ఇదేనా అండీ జబ్బుది? ఇంకొకటి ఉందా?"

"ఇదే."

టోపీ ఆయన అక్కడే నిలబడి చిట్టికి ఫోన్ కలిపాడు. "అమ్మా, ఇది దుక్కలా ఉంది. తోక పాత వంకర, అంతే. ఇంత మంచి ఇల్లు నా దగ్గర కూడా లేదు. బాగుపడి నెల దాటి ఉంటుంది." కాసేపు విని, ఫోన్ అద్దాలాయన చేతికిచ్చి, మర్యాదగా వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

"నిజమేనా మామయ్యా?"

"నిజమే."

"ఆదివారం ఒక్కటే నాకు సెలవు. ఆ పూటంతా ఏడ్చేదాన్ని, తెలుసా? మొన్న దిగులుతో ఇద్దరి రక్తం సీసాలు తారుమారు చేసి చీవాట్లు తిన్నాను. ఎందుకు చెప్పావు అలా?"

మింగలేక కక్కలేక నిలబడ్డాడాయన. చివరికి కక్కేశాడు. "దానికి నయమైందంటే నువ్వు ఫోన్ చెయ్యవేమోనని భయమేసింది చిట్టీ. తప్పు నాదే. దానికి జబ్బు తెచ్చిందీ నేనే. పైన జాలీ పెట్టమన్నావు, నేను అద్దం పెట్టాను."



"నాతో మాట్లాడాలనుంటే నువ్వే చెయ్యొచ్చుగా?" అంది. "నంబరు నీ దగ్గర లేదా?"

 చిట్టి పెట్టేసింది. టోపీ ఆయన ఖాళీ పెట్టెతో వెళ్ళిపోయాడు.

ఆ రోజు మూడింటికి ఫోన్ మోగలేదు. తర్వాతి ఆదివారమూ మోగలేదు. ఆయన మొక్కలకు నీళ్ళు చిలకరించాడు, అద్దాలు తుడిచాడు, తుడిచినవే మళ్ళీ తుడిచాడు. దొరగారు ఆయన వైపు చూశారో లేదో చెప్పడం కష్టం, బల్లి కళ్ళు అన్ని వైపులకూ చూస్తాయి. ఇంట్లో తాను కాక ఇంకో ప్రాణి ఉన్నా ఇల్లు ఇంత ఖాళీగా ఉంటుందని ఆయనకు అప్పుడే తెలిసింది. పెద్దవాణ్ణి, నేనెలా చేస్తాను, చిన్నదే చేస్తుందిలే అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి అది కాదు. చేస్తే ఏం మాట్లాడాలో ఆయనకు తెలియదు.

మూడో ఆదివారం మూడు దాటాక పది నిమిషాలు చూసి, తనే నంబరు నొక్కాడు.

"దానికేమైంది?" అంది చిట్టి, ఎత్తీ ఎత్తగానే.

"దానికేం కాలేదు. శుభ్రంగా ఉంది."

"మరి?"

"ఊరికే చేశాను."

"ఊరికేనా?"

"ఊరికే."

అవతల పంపులోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు. "బట్టలుతుక్కుంటున్నా మామయ్యా, చేతులన్నీ సబ్బు" అంది. ఆ గొంతులో కోపం పూర్తిగా పోయినట్టు లేదు. సరే ఉంటాను అని ఆయనే అనబోయాడు.

"ఫోన్ పక్కన పెడుతున్నా. పెట్టెయ్యకు, ఉండు."

ఆయన ఉన్నాడు. ఫోన్ చెవికి ఆనించుకుని, బకెట్టులో నీళ్ళ చప్పుడూ, బట్ట పిండుతున్న చప్పుడూ వింటూ, ఆమె ఆఖరి బట్ట ఆరేసేదాకా అలాగే కూర్చున్నాడు.