దేవతకిచ్చిన ముందు సీటు

నా చిన్నప్పుడు సర్వీసు జీపులో ముందు సీటు నాదే. ఘాటీ రోడ్డు మలుపుల్లో నాకు వాంతులయ్యేవి. అలాంటి పిల్లల్ని గాలి తగిలేలా డ్రైవరు పక్కన కూర్చోబెట్టడం మా అరకు కొండల్లో అలవాటు. నాకదో పెద్ద హోదా.

ఆ రోజు అమ్మా నేనూ కొత్తల పండగకు కొండ కిందున్న అమ్మమ్మగారింటికి బయలుదేరాం. కొత్త పంట దేవతకు పెట్టందే మేం నోట పెట్టం. అందుకని పెరట్లో కాసిన తొలి గుమ్మడికాయను అమ్మ తనతో తెచ్చింది. తీరా చూస్తే డ్రైవరుకు జ్వరమట. స్టీరింగు ముందు అమ్మ తమ్ముడు, మా మావయ్య కూర్చున్నాడు. అప్పటిదాకా ఆయన ఆ జీపుకు క్లీనరు. సంత జరిగే చదును నేల మీద నడపడం నేర్చుకున్నాడు గానీ, ఘాటీ దిగడం అదే మొదలు.

నేను ముందుకు ఎక్కబోతే రెక్క పట్టుకుని దించేశాడు.

“ఎనక్కెళ్లి కూకో గుంటా. దేవత కాయ ముందు కూకోవాల.”

“ఇదేటిరా కొత్తగా? దానికి వాంతులవుతాయి,” అంది అమ్మ.

“నీ ఒళ్లోనే అవనీ అప్పా. దేవతకి కోపమొత్తే ఘాటీలో నువ్వు ఆపుతావేటి?”

దేవత పేరెత్తాక ఎవరు కాదంటారు? జీపులో ఉన్నవాళ్లంతా తలలూపారు. నేను మాత్రం ఏడుస్తూ, మావయ్యను తిడుతూ వెనక కూర్చున్నాను. ఆయన తిరిగి చూడలేదు. మెడ మీద చెమట కారుతోంది. మొదటి మలుపులోనే జీపు లోయ వైపు ఒరిగింది. అమ్మ నన్ను గట్టిగా పొదువుకుంది.

ఇంకాస్త దిగాక మలుపు చాటు నుంచి గేదె అడ్డం వచ్చింది. మావయ్య బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాడు. మేమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం. లేచి చూస్తే ముందు అద్దం పగిలి ఉంది. గుమ్మడికాయ ముక్కలు ముక్కలై గింజలు అంతటా అంటుకున్నాయి. నేను కూర్చునే చోట గాజుపెంకులు.

“దేవత తన మీదేసుకుంది,” అని అందరూ దండాలు పెట్టారు. మావయ్య దూరంగా వెళ్లి రాయి మీద కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“అలాంటి ఆచారమేటీ లేదే గుంటా. బ్రేకు ఏసినప్పుడు బండి ఏటవుద్దో నాకే తెలీదు. బయ్యమేసింది. పండగ పూట అందరికీ అది సెప్పలేక దేవత పేరు సెప్పాను.”

మిగతా ఘాటీ అందరం నడిచే దిగాం.

నిరుడు మా మనవరాలు కారు కొనుక్కుని నడపడం నేర్చుకుంది. ఊరికి బయలుదేరినప్పుడు దాని కూతురు ముందు కూర్చుంటానని మారాం చేసింది. “ఒక్కసారే కదా మామ్మా,” అని మనవరాలు కూడా మెత్తబడింది. నేను ఒప్పుకోలేదు. పిల్లను పట్టుకుని నా పక్కన వెనక కూర్చోబెట్టాను. అది ఏడ్చింది, నా చెయ్యి గిల్లింది, చెడ్డదానివంది. బుజ్జగించబోయి మానుకున్నాను. నన్ను ముందు సీటు నుంచి దించినందుకు మావయ్య కూడా ఇలాంటి తిట్లు ఎన్ని పడ్డాడో నాకు తెలుసు. ఊరు చేరేదాకా పిల్ల నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె, ఒంటి మీద గీత పడకుండా పక్కనే ఉంది కదా అనుకున్నాను.