నేను రాయని ప్రాక్టికల్ పరీక్ష

దయ్యాల మాట ఎత్తినవాళ్లతో వాదనకు దిగే రకం నేను. ఇప్పటికీ అంతే. అయినా ఎనభైల్లో, బి.ఎస్సీ. ఫిజిక్స్ రెండో ఏడాదిలో నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ములకలపల్లి దగ్గర అడవి అంచు ఊరు. మా ఊళ్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే. మొదటి ఏడాది మెకానిక్స్ ఎలాగో గట్టెక్కాను. రెండో ఏడాది ప్రాక్టికల్స్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, ఎమ్మెస్సీ సీటు కొట్టాలని నా ఆశ.

పరీక్షకు రెండు రోజుల ముందు మలేరియా పట్టుకుంది. భద్రాచలం దవాఖానాలో వారం రోజులు మంచం దిగలేదు. పరీక్ష రోజున కూడా సెలైన్ ఎక్కుతూనే ఉంది. అమ్మ పక్కనే ఉంది.

నిలబడగలిగాక, మళ్లీ పరీక్ష పెట్టమని అడగడానికి అమ్మను వెంటబెట్టుకుని, దవాఖానా చీటీతో కాలేజీకి వెళ్లాను. ఫిజిక్స్ హెడ్ మండిపడ్డారు.

“పరీక్ష రాసి రాయలేదంటవేంది?”

బీరువాలోంచి పేపర్ తీసి బల్ల మీద పడేశారు. నా హాల్ టికెట్ నంబరు. నా చేతిరాత. ప్రిజం కోణం కొలిచే ప్రయోగం. నిమిషాలను డిగ్రీల్లోకి మార్చేటప్పుడు అరవైకి బదులు వందతో భాగించి ఉంది. క్లాసులో ఆ పొరపాటు చేసేది నేనే.

ల్యాబ్ అటెండర్‌ను పిలిచారు. “అవ్ సార్, ఈ పిలగాడే. మూడో బల్ల కాడ కూసున్నడు. సోడియం దీపం నేనే పెట్టిచ్చిన. పలకరిస్తే మాట్లాడలే” అన్నాడు. అతనికి అబద్ధమాడాల్సిన పని లేదు.

“నా కొడుకు మంచమే దిగలే సారూ. మంచినీళ్లు గూడ నేనే తాపిన” అంది అమ్మ.

“నీకు తారీఖులు తెలుస్తయా?” అన్నారాయన. పక్కనున్న లెక్చరర్లు నవ్వారు. నా ఒళ్లు మండిపోయింది. తారీఖులున్న చీటీ నా చేతిలోనే ఉంది. ఆయన ముట్టుకోనైనా లేదు. ఇలాంటివి అడవి ఊళ్లవాళ్లు ఎన్నైనా రాయించుకొస్తారట!

ఆ పేపర్ కొట్టేయమని ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టాను. పాసైనవాడికి మళ్లీ పరీక్ష లేదన్నారు. వచ్చినవి బొటాబొటి మార్కులు. మూడో ఏడాది ఎంత చదివినా ఆ లోటు పూడలేదు. ఎమ్మెస్సీ సీటు పోయింది. మణుగూరులో పంతులుగా చేరాను.

తర్వాత దవాఖానాకు వెళ్లి వార్డు రిజిస్టర్ తీయించాను. పరీక్ష రోజు పొద్దున, మధ్యాహ్నం నా జ్వరం కొలిచి రాసి ఉంది.

ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఎవరో ఈనాటికీ చెప్పలేను. భయపడాల్సిన సంగతే. నాకు మాత్రం కోపమే వస్తుంది. నా చదువులో ఒక రోజును ఎవరో వాడుకున్నారు, నన్నడగకుండా.