కెరాటిన్ మెమో

2006 జూన్‌లో సూరత్ దగ్గరి కిమ్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో మాస్ స్పెక్ట్రోమెట్రీ విభాగాధిపతిగా చేరాను. మాస్ స్పెక్ట్రోమీటర్ అణువుల బరువు తూచే యంత్రం. ప్రోటీన్‌ను ఎంజైముతో ముక్కలు చేసి పెడితే, ఒక్కో ముక్క బరువు తెరమీద ఒక్కో పీక్‌గా, కొండ మొనలా లేస్తుంది.

ఆగస్టులో ప్రతి శాంపిల్‌లోనూ పరాయి పీక్‌లు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ వాటిని మనిషి కెరాటిన్ అంది. చర్మంలో, వెంట్రుకల్లో ఉండే ప్రోటీన్. ఇలాంటప్పుడు మొదటి అనుమానం శాంపిల్ తయారుచేసిన చేతుల మీదికే పోతుంది. ఆ చేతులు స్వరూపవి. సూరత్‌లోని నవాగామ్ నుంచి వచ్చే కాంట్రాక్టు టెక్నీషియన్, వాళ్లది కరీంనగర్ వైపు. ఆమెకిచ్చిన హెచ్చరిక మెమో మీద నేనే సంతకం పెట్టాను. శనివారంలోగా పీక్‌లు పోకపోతే ఆమెను తీసేయమన్నారు డైరెక్టర్.

“తల కప్పుకున్న, గ్లౌజులు రెండేసి తొడుక్కున్న. ఇంకేం జెయ్యాలె సార్, గుండు గొట్టించుకోవాల్నా?” అంది స్వరూప.

బ్లాంక్‌లు పెట్టించాను. బ్లాంక్ అంటే ప్రోటీన్ వెయ్యకుండా, మిగతా పనంతా మామూలుగా చేసిన శాంపిల్. ఎంజైము ఖరీదైనది కనుక దాని తాళం నా దగ్గరుండేది. యంత్రం గదిలో నేనే కలిపేవాణ్ణి. ఈసారి సగం బ్లాంక్‌లకు స్వరూపనే తన గదిలో కలపమన్నాను. ఆమెవి శుభ్రంగా వచ్చాయి. నా వాటిలో కెరాటిన్ ఉంది.

సాఫ్ట్‌వేర్‌ను మనిషి ప్రోటీన్లలోనే వెతికేలా పెట్టింది కూడా నేనే. అన్ని జంతువులకూ తెరిచాను. కొన్ని ముక్కలు మనిషికీ గొర్రెకీ ఒకటే. మిగిలినవి గొర్రెవి మాత్రమే.

“గొర్రెనా? గీ ఉక్కపోతల గొర్రె ఏడికెల్లి వస్తది?” అని నా మణికట్టు వైపు చూసింది స్వరూప. “దొరికింది సార్. మీ కోటు కిందనే ఉన్నది!”

యంత్రం గదిలో ఏసీ చలి ఎక్కువ. నా భార్య అల్లిన ఉన్ని స్వెట్టర్ కోటు కింద వేసుకునేవాణ్ణి. దాని చేతులు కోటు దాటి బయటికి వచ్చేవి.

స్వెట్టర్ విప్పి అన్నీ మళ్లీ చేశాం. శుక్రవారం తెరమీద మా ప్రోటీన్ తప్ప మరేదీ లేదు. స్వరూప చప్పట్లు కొట్టింది; విభాగమంతా కొట్టింది. నేనూ కొట్టాను. పాత మెమో రద్దుచేసి, నా పేరిట ఇంకొకటి రాసి నోటీసు బోర్డుకు అంటించాను. ఆమె కాంట్రాక్టు నిలిచింది.

ఇంట్లో చెబితే నా భార్య చాలాసేపు నవ్వి, నూలుతో ఇంకో స్వెట్టర్ అల్లింది. ఆమె పోయి మూడేళ్లయింది. రెండు స్వెట్టర్లూ ఉన్నాయి.

ఆ తర్వాత ఎక్కడ పరాయి పీక్ కనిపించినా, మొదటి బ్లాంక్ నా చేతులకే పెట్టేవాణ్ణి. దాని ఫలితం చూశాకే మెమో సంగతి.